కొల్లేట్లో మునిగినవాడు, తేలినవాడు: తెలుగు కథలో అవతలి లోకపు జీవులు

దండి ‘దశకుమార చరితం’లో మంత్రగుప్తుడు చెప్పే కథ ఒక సరస్సు గట్టు మీద నడుస్తుంది. కళింగ రాజు కర్దనుణ్ణి, అతని కూతురు కనకలేఖను ఆంధ్రరాజు జయసింహుడు చెరపట్టి తన నగరానికి తీసుకుపోతాడు. కనకలేఖను పెళ్లాడాలని అతని ఆశ. అయితే ఆమెను ఎవరో యక్షుడు ఆవహించాడని, వాడు రాజును దగ్గరికి రానివ్వడం లేదని ఊరంతా చెప్పుకుంటారు. మంత్రగుప్తుడు సన్యాసి వేషం వేసుకుని, నగరం పక్కనున్న సముద్రమంత సరస్సు ఒడ్డున మకాం పెడతాడు. ఫలానా రాత్రి ఈ నీళ్లలో మునిగితే నీ శరీరమే మారిపోతుంది, ఆ కొత్త శరీరాన్ని చూసి యక్షుడు నిలవలేడు అని రాజును నమ్మిస్తాడు.

జయసింహుడు మరీ తెలివితక్కువవాడేం కాదు. మునిగేముందు జాలర్ల చేత సరస్సును వలలతో గాలింపజేశాడు, చుట్టూ కాపలా పెట్టించాడు. కానీ గట్టు లోపలికి, నీటి మట్టానికి కింద మంత్రగుప్తుడు ముందే ఒక బొరియ తవ్వి ఉంచాడు. రాజు మునిగాడు. నీటి అడుగున చనిపోయాడు. శవం బొరియలోకి వెళ్లింది, అందులోంచి మరొకడు పైకి తేలాడు. గట్టు మీదివాళ్లంతా మహిమ జరిగిందని చేతులు జోడించి, ఆ కొత్త మొహాన్నే తమ రాజుగా ఊరికి తీసుకుపోయారు.

ప్రియురాలి పంటిగాట్లతో పెదవి మంట పెడుతోందని మంత్రగుప్తుడు ఈ కథ మొత్తాన్ని ప, ఫ, బ, భ, మ అన్న అక్షరాలు పలకకుండా చెబుతాడు. పండితులు శతాబ్దాలుగా ఆ చమత్కారాన్నే మెచ్చుకుంటూ వచ్చారు. అందులోని భయం మీద మాత్రం ఎవరి చూపూ అంతగా పడలేదు. ఆ ఆంధ్రనగరం వేంగి అని, అంటే ఏలూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న నేటి పెదవేగి అని, ఆ సరస్సు కొల్లేరని చరిత్రకారులు చాలాకాలంగా గుర్తిస్తున్నారు. పదమూడో శతాబ్దిలో మూలఘటిక కేతన దీన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. దండి కాలం నుంచి లెక్కేస్తే కొల్లేటి నీళ్లలో మనిషి కానిదేదో ఉందన్న ఊహకు సాహిత్యంలో కనీసం పదమూడు వందల ఏళ్ల వయసు. ఆ తొలి కథలోనే యక్షుడు లేడని తేలిపోయింది. నీటి అడుగున కాచుకుని ఉన్నది మనిషే.

అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) పేరుతో ప్రపంచమంతా వ్యాపించిన కాస్మిక్ హారర్‌ను ఈ ప్రాంతపు కథల పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం పని. ఆ తరహా కథలకు ఒక నమూనా ఉంది. అన్వేషకులు మనుషులు అడుగు పెట్టని చోటికి వెళతారు. మనిషి కంటే కోట్ల ఏళ్లు పాతవైన జీవుల జాడ కనిపెడతారు. ఆ జీవులకు మనుషుల మీద పగ లేదు, ప్రేమా లేదు. మనిషి ఉన్నాడన్న గమనింపే ఉండదు. ఆ సంగతి అర్థమయ్యాక అన్వేషకుడికి మతి చెడుతుంది. 1936లో అచ్చయిన ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’లో అంటార్కిటికాకు వెళ్లిన విశ్వవిద్యాలయ బృందానికి జరిగింది ఇదే. మంచులో దొరికిన కళేబరాలు, కొండల వెనక పాడుబడ్డ మహానగరం, చివరికి వెనక్కి తిరిగి చూసి పిచ్చివాడైన ఒక విద్యార్థి.

తెలుగు నేలలో అన్వేషకులు లేరా అంటే ఉన్నారు. ఏడో శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, దాని రాజధానిని పింగ్-కి-లో అని రాసుకున్నాడు. అది వేంగి అన్నది ఎక్కువమంది అంగీకరించిన గుర్తింపు. అక్కడి నుంచి దక్షిణంగా ధాన్యకటకం వెళ్లి, భావవివేకుడనే బౌద్ధాచార్యుడి కథ ఒకటి విన్నాడు. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికి ఉండాలని ఆచార్యుడి కోరిక. నగరానికి దగ్గర్లోని కొండలో అసురుల భవనం ఉందని, మంత్రించిన ఆవాలతో కొడితే రాయి తెరుచుకుంటుందని వజ్రపాణి చెబుతాడు. ఏళ్ల తరబడి జపం చేశాక ఆవాలు చల్లితే కొండ నిజంగానే తెరుచుకుంది. గుమిగూడిన జనంలో ఎవరూ అడుగు ముందుకు వేయలేదు. అది విషసర్పాల పుట్ట, లోపలికి పోతే చావే అనుకున్నారు. చివరికి ఆరుగురు మాత్రం ఆచార్యుడి వెంట నడిచారు. వారి వెనక రాయి మూసుకుంది.

లవ్‌క్రాఫ్ట్ చేతిలో పడితే ఈ కథ ఎక్కడ మొదలవుతుందో ఊహించడం కష్టం కాదు. రాయి మూసుకున్న తర్వాత, లోపల, ఆ ఆరుగురిలో ఒకడి గొంతుతో మొదలవుతుంది. హ్యూయన్‌త్సాంగ్ కథ అక్కడికే ఆగిపోతుంది. బయట ఉండిపోయినవాళ్లు తమ పిరికితనానికి చింతిస్తారు. అసురుల ఇల్లు వారికి భయస్థలమే కాదు, చేజారిన అవకాశం కూడా. దానవుడు ఆశ్రయం ఇవ్వగలడన్న నమ్మకం ఆ చింత వెనక ఉంది.

ఈ నమ్మకమే అసలు తేడా. దీన్ని తేటగా చూపేది లవ్‌క్రాఫ్ట్ 1936లోనే ప్రచురించిన ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మౌత్’. ఓ రేవుపట్నంలో జనం సముద్రం అడుగున ఉండే చేపమనుషులతో ఒప్పందం చేసుకుంటారు. చేపలు, బంగారం వస్తాయి. బదులుగా వాళ్లతో పెళ్లిసంబంధాలు. తరాలు గడిచేకొద్దీ ఊరివాళ్ల కళ్లు ఉబ్బి, మెడల మీద ముడతలు పడి, వయసు మళ్లాక నీళ్లలోకి వెళ్లిపోతారు. కథ చెప్పే కుర్రాడు తన రక్తంలోనూ ఆ అంశ ఉందని చివర్లో తెలుసుకుంటాడు. అక్కడ భయానికి మూలం సంబంధం కలవడం. లవ్‌క్రాఫ్ట్‌కు జాతులు కలవడమంటే ఉన్న జుగుప్సకూ ఈ కథకూ లంకె ఉందని విమర్శకులు ఎన్నోసార్లు చెప్పారు, అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు.

ఇదే సంగతి తెలుగువాడి చేతిలో ఏమవుతుంది? భీముడు హిడింబిని చేసుకున్నాడు, అర్జునుడు నాగకన్య ఉలూచిని చేసుకున్నాడు. ఆ హిడింబి కొడుకు ఘటోత్కచుడు 1957 నాటి ‘మాయాబజార్’లో పెళ్లివారి భోజనమంతా ఒక్కడే తినేస్తుంటే మూడు తరాల తెలుగువాళ్లు కడుపుబ్బ నవ్వారు. ఆ వేషం వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది నూజివీడులో. జిల్లాల పునర్విభజన తర్వాత అది ఏలూరు జిల్లాలోదే. మన ఇన్స్‌మౌత్ పిల్లవాడికి మేనమామ వరుసలు, పెళ్లి పెద్దరికం, మంచి ఆకలి ఉన్నాయి. అతన్ని చూసి భయపడే ప్రేక్షకుడు లేడు.

కొల్లేటికోటలో ఈ వావివరుసల వ్యవహారం ఏటా జరుగుతుంది. సరస్సు నడుమ లంకగా ఉండే ఆ ఊళ్లో కొలువైన పెద్దింట్లమ్మను జలదుర్గ అంటారు. ఫాల్గుణంలో జాతర. కైకలూరు వైపు నుంచి, లంక గ్రామాల నుంచి జనం తరలివస్తారు. అప్పుడే జలదుర్గకూ గోకర్ణేశ్వరుడికీ కల్యాణం చేస్తారు. నీటి అడుగు శక్తిని పెద్దింటి ఆడపడుచును చేసి, వరుణ్ణి చూసి పెళ్లి జరిపించే ఊరిలో ఇన్స్‌మౌత్ తరహా భయం మొలకెత్తడం కష్టం. దేవత కోపిస్తుంది, అలుగుతుంది, మొక్కు చెల్లిస్తే శాంతిస్తుంది. కోపం రావాలన్నా ముందు మనల్ని గుర్తించాలి కదా!

ఇదే కొల్లేటికోటకు బ్రిటిష్ కాలపు గెజిటీర్లలోకి ఎక్కిన ఒక చీకటి కథ కూడా ఉంది. లాంగూల్య గజపతి కాలంలో లంక మీద కోట ఉండేదట. శత్రు సైన్యం ఒడ్డున చిగురుకోటలో దిగింది. చుట్టూ నీళ్లుండడంతో కోట పట్టుబడలేదు. సరస్సును సముద్రంలోకి ఖాళీ చేయాలని శత్రువులు ఉప్పుటేరు దారిలో కాలువ తవ్వసాగారు. అప్పుడు గజపతి సేనాని దేవతలను మెప్పించడానికి సొంత కూతుర్ని ఆ ఏటికి బలి ఇచ్చాడు. అందుకే ఆ పాయను పేరంటాల కనమ అంటారు. ఈ కథలో ఒళ్లు గగుర్పొడిచేది నీటిలోని శక్తి కాదు. అది అడిగిందో లేదో కూడా కథ చెప్పదు. ఇచ్చినవాడు తండ్రి. దండి సరస్సులోలాగే ఇక్కడా దేవత పేరు మీద పని చేసింది మనిషి చెయ్యి.

సినిమాకూ పత్రికకూ వచ్చేసరికి అన్వేషణ కథ సాహసగాథగా మారింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోట రాముడు నేపాళ మాంత్రికుడి వెంట కొండగుహలోకి వెళతాడు. మధ్యలో కోనేట్లో మొసలి ఎదురవుతుంది. రాముడి చేతిలో చచ్చిన మొసలి శాపం తీరిన దివ్యజీవిగా లేచి, మాంత్రికుడి కుట్రను బయటపెడుతుంది. తర్వాత బలి కావలసిన రాముడు మాంత్రికుణ్ణే అమ్మకు బలి ఇస్తాడు. పాతాళంలోని శక్తి ఎవరు బలి ఇచ్చారో చూస్తుంది, మాట ఇస్తే నిలబెట్టుకుంటుంది. భయపెట్టేది మళ్లీ మాంత్రికుడే. ఆ మాంత్రికుడూ రంగారావే. రాజుగారి బావమరిదిగా వేసిన రేలంగి తర్వాత తాడేపల్లిగూడెంలో స్థిరపడి సొంత సినిమాహాలు కట్టుకున్నాడు. ఆ రకంగా తెలుగు తెర మీద పాతాళానికి వెళ్లొచ్చిన బృందంలో ఇద్దరికి ఈ ప్రాంతంతో చుట్టరికం ఉంది.

ఈ సినిమాలు తీసిన విజయా సంస్థ వెనకున్న నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో ‘చందమామ’ మొదలుపెట్టారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు ‘తోకచుక్క’, ‘మకర దేవత’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘మాయా సరోవరం’ పేర్లు వింటేనే కాస్మిక్ హారర్ సంకలనపు విషయసూచికలా ఉంటాయి. పాడుబడ్డ గుడి, ఎవరూ వెళ్లని లోయ, నీటి కింద రాజ్యం, సగం మనిషి సగం జంతువు అయిన జాతులు. అన్నీ ఉన్నాయి. చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలు వాటికి ఎముకా కండా తొడిగాయి. పిల్లలు బొమ్మలే ముందు చూసుకునేవాళ్లు. పత్రికలో దాసరి పేరు మాత్రం వేసేవారు కాదు. 1952 నుంచి అర్ధ శతాబ్దానికి పైగా ఆ సంస్థలో పనిచేసిన రచయిత అన్నేళ్లూ అజ్ఞాతంగా ఉండిపోవడం వేరే వ్యాసానికి సరిపడా సంగతి.

అయితే దాసరి లోకంలో ఎంత వింత జీవి అయినా మాట్లాడుతుంది. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి జంటగా తిరిగినట్టే ఆయన వీరులు చాలా చోట్ల జోడీగా తిరుగుతారు. ఎదురుపడిన రాక్షసుడితో వాదిస్తారు, బెదిరిస్తారు, ఒక్కోసారి స్నేహం కట్టి వాహనం ఎరువు తీసుకుంటారు. అవతలివాడికి ఆశలు, అవమానాలు, ఒక నాయకుడు ఉంటారు. ఎదుటివాడికి మన భాష వస్తే అతను శత్రువు కాగలడు, మిత్రుడు కాగలడు. మనల్ని చీమలుగా చూసే విశ్వం మాత్రం కాలేడు. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’లో, గలివర్ యాత్రల బాటలో, ఆడవాళ్లు ఏలే రాజ్యాన్నీ మహాకాయులున్న లంకనూ చూపించాడు. అక్కడి వింతలన్నీ మన ఇళ్లలోని అన్యాయాన్ని చూపే అద్దాలు. రాజమండ్రి సంస్కర్త అవతలి లోకానికి వెళ్లింది ఇవతలి లోకం గురించి మాట్లాడడానికే.

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’తో చేతబడి ప్రతి ఇంటి మేడమెట్ల దాకా వచ్చిందని ఆ తరం పాఠకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులోనూ ఆ చేతబడి చేయించేది ఆస్తి కోసం కాచుక్కూర్చున్న మనిషే. అదే రచయిత ‘యుగాంతం’లో భూమి మీదికి ముంచుకొచ్చే అంతరిక్ష విపత్తును పెట్టాడు. దాన్ని ఎవరూ పంపలేదు, దానితో బేరం కుదరదు. తెలుగులో కాస్మిక్ హారర్‌కు దగ్గరగా వచ్చిన జనరంజక రచన ఏదైనా ఉందంటే అదే. కానీ ఆ నవల దృష్టి ముంచుకొచ్చేదాని మీద కంటే చావు ఖాయమని తెలిసిన మనుషుల ప్రవర్తన మీదే నిలిచింది.

బేరానికి రాని భయం ఈ ప్రాంతానికి కథగా రాలేదు. వార్తగా వచ్చింది. 2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోసాగారు. దక్షిణపు వీధి, కొత్తపేట లాంటి పాత పేటల్లో మొదలైంది. మూర్ఛ, నోట్లో నురగ, కొన్ని నిమిషాల పాటు స్పృహ లేకపోవడం, తర్వాత తలనొప్పి, నీరసం. చాలామంది గంటల్లోనే తేరుకుని ఇంటికి వెళ్లారు. కరోనా పరీక్షల్లో ఏమీ లేదు. అంటువ్యాధిలా పాకలేదు, ఒకే ఇంట్లో ఒకరు పడితే పక్కవారికి ఏమీ కాలేదు. మున్సిపల్ నీళ్లు తాగనివారికీ వచ్చింది. వారం తిరిగేసరికి బాధితులు ఐదు వందలు దాటారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, పుణె వైరాలజీ సంస్థ, నాగపూర్ నీరి లాంటి సంస్థలు రంగంలోకి దిగాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. అవి ఏ దారిన ఇన్ని ఇళ్లలోకి వచ్చాయన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు రాలేదు.

లవ్‌క్రాఫ్ట్ 1927లో రాసి అచ్చు వేయించిన ‘ది కలర్ ఔట్ ఆఫ్ స్పేస్’ చదివినవారికి ఈ వరస తెలిసినదే అనిపిస్తుంది. నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు పొలంలో, బావి పక్కన ఉల్క పడుతుంది. ప్రొఫెసర్లు ముక్క పట్టుకుపోయి ప్రయోగశాలలో వేడి చేస్తారు, ఆమ్లాలలో వేస్తారు, వర్ణపటం చూస్తారు. ఏ పరీక్షకూ లొంగని ఆ ముక్క రోజురోజుకూ కుంచించుకుపోయి మాయమవుతుంది. ఆ ఏడు పండ్లు విరగకాస్తాయి. నోట పెడితే చేదు. పశువులు బూడిదరంగుకు తిరిగి పెళుసుబారతాయి. ఇంటివాళ్లు ఒక్కొక్కరుగా మతి తప్పుతారు. బావిలో ఏదో ఉంది. దానికి ఆకారం లేదు, కోరిక ఉందో లేదో తెలియదు. ఒక రంగు మాత్రం ఉంది. అదీ మనిషి చూసిన రంగుల్లోది కాదు. లవ్‌క్రాఫ్ట్ రాసిన అన్ని కథల్లోనూ ఇదే మేటి. చేపమనుషులను తలుచుకుంటే కాసేపటికి నవ్వొస్తుంది, ఈ బావిని తలుచుకుంటే రాదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టడం ఏలూరు బాధను వింత చేయడానికి కాదు. అక్కడ ఉల్క పడలేదు. మనుషులు తయారుచేసి, అమ్మి, చల్లిన పదార్థాల చుట్టూనే అనుమానం తిరిగింది. కానీ ఆ వారం వీధిలో ఉన్న మనిషికి కావలసిన కారణం, పేరు, మొహం మూడూ దొరకలేదు. పగబట్టినవాడు ఉంటే కాళ్లు పట్టుకోవచ్చు. అమ్మవారు అయితే ఘటం ఎత్తవచ్చు. సీసం ఎవరి మీదా అలగదు. దండి కాలం నుంచి ఈ కొల్లేటి దేశం వాడుతూ వచ్చిన మూడు మందులు, వావి కలపడం, మొక్కు, మోసగాణ్ణి పట్టుకోవడం, ఇక్కడ మూడూ పనిచేయలేదు.

‘కలర్’ కథ చెప్పేది ఒక సర్వే ఉద్యోగి. ఆ లోయలో జలాశయం కట్టబోతున్నారు. కొలతలకు వచ్చి ఆ పాడునేల గురించి విన్న అతను, ఆ నీళ్లు తాను మాత్రం తాగనంటాడు. కొల్లేరుకు ఇలాంటి కొలతలు కొత్త కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చేదంతా ఇందులోకే చేరుతుంది, బయటికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఐదా మూడా అన్న వాదన లంక గ్రామాల్లో ఎన్నికలప్పుడల్లా కొత్తగా మొదలవుతుంది. తమ్మిలేరు ఏలూరు పక్క నుంచే పారుతుంది. పట్నం వదిలించుకున్నది, పొలాలు కడుక్కున్నది, చెరువులు వదిలింది అన్నీ చివరికి కిక్కిస దుబ్బుల మధ్యకు వచ్చి ఆగుతాయి.

కాబట్టి కొల్లేరు మీద కాస్మిక్ హారర్ రాయదలచిన తెలుగు రచయిత అంటార్కిటికాను అరువు తెచ్చుకోనక్కర్లేదు. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఇప్పటికీ ఉంది, పక్క ఊళ్లలోనే అంతకంటే పాత కోటల దిబ్బలూ ఉన్నాయి. చిక్కల్లా పెద్దింట్లమ్మతోనే. ఆమెను పక్కన పెట్టి రాస్తే అది కొల్లేటి కథ అనిపించుకోదు. ఆమెను పెడితే కథ మొక్కు దగ్గర మెత్తబడి భక్తిగాథ అయిపోయే ప్రమాదం ఉంది. జాతర ఘనంగా జరగాలి, కల్యాణం జరగాలి, మొక్కులన్నీ చెల్లాలి, ఆ తర్వాత కూడా వలలో పడేది మారకూడదు. అమ్మకు శక్తి లేక కాదు, వచ్చిన దానికి ఆమె మాట వినే చెవులు లేక. ఇంత సూక్ష్మం పట్టుకున్న కథ తెలుగులో రావలసి ఉంది.

దాన్ని ఎవరు చెప్పాలన్నదీ ముఖ్యమే. ‘కలర్’లో సర్వే ఉద్యోగి విన్నది రాసి వెళ్లిపోతాడు. అతనికి కథంతా చెప్పింది అమ్మీ పియర్స్ అనే ముసలివాడు. గార్డ్‌నర్ ఇంట్లో జరిగినదాన్ని కళ్లారా చూశాడు. అన్నీ తెలిసి కూడా ఆ చోటు వదిలిపోలేక పక్కనే బతుకుతున్నాడు. కొల్లేటి కథలో ఆ ముసలివాడు ఏ లంక గ్రామంలోనో దోనె వేసుకుని తిరిగే వడ్డి కులపు జాలరి అవుతాడు. బయటి నుంచి వచ్చిన బృందాలు నమూనాలు సీసాల్లో నింపుకుని తిరిగి వెళ్లాక, మర్నాడు పొద్దున అదే నీటిలో వల వేయాల్సినవాడు అతనే. కథ అతని నోట మొదలైతే అన్వేషకుడి పిచ్చి ముందున్నంత గొప్పగా కనిపించదు. చూసి భయపడి ఓడెక్కి ఇంటికి పోయే వీలు ఆ జాలరికి లేదు, తెల్లారితే అతనికి చేపలు కావాలి.